పితృదేవతల కోసం ఆడే ఎయిసా నేర్చుకోవడం ఎలా?

చాంద్రమానం ప్రకారం ఏడో నెల 13 నుంచి 15 వరకు పూర్వీకుల ఆత్మలు ఇంటికి వస్తాయని జపాన్‌లోని ఒకినావా ప్రజల నమ్మకం. మొదటి రోజు ‘ఉంకే’ నాడు వారిని ఆహ్వానిస్తారు, చివరి రోజు ‘ఊకుయి’ నాడు సాగనంపుతారు. అప్పుడు ఊరి యువత వీధుల్లో ఆడే నృత్యమే ఎయిసా.

1. ముందు పాట వినండి. డోలు చూడగానే చేతులు ఉవ్విళ్లూరతాయి కానీ ఎయిసాను నడిపించేది పాటే. ‘జికాత’ అనే గాయకులు మూడు తంత్రుల సన్‌షిన్ మీటుతూ పాడతారు. ఈ నృత్యం నెంబుత్సు అనే బౌద్ధ కీర్తనల నుంచి పెరిగిందని చెబుతారు. 17వ శతాబ్దం తొలినాళ్లలో వచ్చిన తైచూ అనే భిక్షువు వాటిని ఇక్కడ ప్రచారం చేశారు. పాట నోటికి వచ్చేదాకా డోలు ముట్టుకోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

2. అడుగులు సాధన చేయండి. మోకాళ్లు కాస్త వంచి, నడుము కిందికి దించి నిలబడండి. లయకు తగ్గట్టు ఒక్కో కాలూ ఎత్తి నెమ్మదిగా దించండి.

3. ‘పారాంకు’తో మొదలుపెట్టండి. ఇది ఒకవైపే తోలు బిగించిన చిన్న చేతి డప్పు. ఎడమ చేత్తో అంచు పట్టుకుని, కుడిచేతి పుల్లతో కొట్టాలి. దెబ్బ గట్టిగా పడటం కన్నా అందరిదీ ఒకేసారి పడటం ముఖ్యం. ఉరుమా నగరంలోని హెషికియా బృందాలు ఇప్పటికీ ఈ డప్పులతోనే ఆడతాయి. ఆ నిగ్రహం ముందు ఆర్భాటాలన్నీ వెలవెలబోతాయి! భుజానికి వేలాడే పెద్ద డోలు జోలికి తర్వాత వెళ్లవచ్చు.

4. వరుసలో ఒదగండి. డోళ్ల వెనుక చేతి కదలికలతో ఆడేవారు ఉంటారు. ముఖానికి తెల్లరంగు పూసుకున్న ‘చోందరా’ నవ్విస్తూ తిరుగుతుంటాడు గానీ, వరుస చెదరకుండా చూసేదీ, ఎవరి నడికట్టు వదులైతే వారిది బిగించేదీ అతనే. అతని సైగలు గమనిస్తూ ఉండండి.

5. వీధిలోకి రండి. ఊరంతా తిరుగుతూ ఆడటాన్ని ‘మిచిజునే’ అంటారు. 1956లో కోజా (నేటి ఒకినావా నగరం)లో పోటీలు మొదలయ్యాక ఎయిసా మైదానాలకూ చేరింది. అయినా ఎవరి కోసం ఆడుతున్నారో తెలిసేది వీధిలోనే.

6. ముగింపులో అందరూ కలిసి ఆడే ‘కచాషీ’ నృత్యానికి చేతులెత్తండి. రెండు చేతులూ తల పైకి ఎత్తి, ఒకేసారి అటూ ఇటూ ఊపుతూ మణికట్టు తిప్పాలి. ఆడవారు అరచేతులు తెరిచి, మగవారు పిడికిలి వదులుగా పట్టి ఆడటం వాడుక. చూడటానికి వచ్చినవారినీ లాగుతారు, సంకోచించకుండా వెళ్లండి.