మినియేచర్ బొమ్మ చెడిపోయిందా? ముందు నీళ్ళ సంగతి చూడండి

నేను మొదట రంగులేసిన మినియేచర్ (బల్ల మీద ఆడే యుద్ధాటల్లో వాడే చిన్న బొమ్మ) ఒక ఓర్క్, అంటే కథల్లోని రాక్షసుడి లాంటి జీవి. విశాఖలో, ఆగస్టు నెలలో, వాన వెలిసిన పది నిమిషాలకే మేడెక్కి స్ప్రే డబ్బాతో ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే పూత) కొట్టాను. ఆరాక చూస్తే బూజు పట్టిన బెల్లం ముక్కలా ఉంది. ఈ పని మన చేతికి రాదులే అని నెల రోజులు డబ్బా అటక మీద పెట్టేశాను. తప్పు నా చేతిది కాదని తర్వాత తెలిసింది. కొత్తవాళ్ళు తెచ్చి చూపించే బొమ్మల్లో కూడా గొడవ ఎక్కువగా నీళ్ళ దగ్గరే తేలుతుంది. గాలిలో ఉన్న తేమో, రంగులో ఎక్కువో తక్కువో పడ్డ నీళ్ళో, బ్రష్ మోసుకొచ్చిన చుక్కో.

వార్‌హామర్ లాంటి ఆటల్లో వాడే 28 నుంచి 32 ఎం.ఎం. బొమ్మలు, అక్రిలిక్ రంగులు వాడుతున్నారని అనుకుని రాస్తున్నాను.

ప్రైమర్ గరుకుగా, సన్నిసుక చల్లినట్టు వచ్చింది

దీనికి రెండు కారణాలు, రెండూ ఒకదానికొకటి ఎదురు. ఒకటి తేమ: వానాకాలం, సముద్రపు గాలి, తెల్లవారుజాము మంచు. రెండోది పొడి వేడి: మే నెల మధ్యాహ్నం వడగాలిలో కొడితే తుంపర బొమ్మను చేరేలోపే గాలిలో ఆరిపోయి పొడిలా అంటుకుంటుంది. డబ్బాను మరీ దూరంగా పట్టుకున్నా ఇదే జరుగుతుంది.

ఫోన్‌లో వాతావరణం చూడండి. తేమ 70 శాతం దాటితే నేను స్ప్రే జోలికి పోను. ఎండాకాలమైతే ఉదయం పది లోపు, గాలి తగలని చోట కొట్టండి. డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపి, బొమ్మకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా పక్కకు లాగుతూ పలచగా కొట్టాలి. ఒకేసారి తెల్లగా అయిపోవాలన్న ఆత్రం వద్దు.

ఇప్పటికే గరుకు తేలిందా? కొంచెమే అయితే పొడి టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు రాలిపోతుంది. మరీ ఎక్కువైతే గట్టి ప్లాస్టిక్, లోహపు బొమ్మల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి, అదే టూత్‌బ్రష్‌తో తోమండి. గది తలుపులు తెరిచి, స్టవ్వుకు దూరంగా చెయ్యండి. రెసిన్ (ద్రవంగా అచ్చులో పోసి గట్టిపరిచే పదార్థం) బొమ్మ అయితే ముందు ఒక మూల పరీక్షించండి, కొన్ని రకాలు మెత్తబడతాయి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం తేకండి, అందులోని అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది.

వానాకాలమంతా చేతులు కట్టుకుని కూర్చోలేమంటే బ్రష్‌తో రాసే అక్రిలిక్ ప్రైమర్ కొనుక్కోండి. కొండపల్లి బొమ్మలకు కూడా రంగులకు ముందు సున్నం పూత చేత్తోనే వేస్తారు. చేత్తో రాసిన ప్రైమర్ తక్కువదేం కాదు.

ప్రైమర్ గోటితో గీకితే ఊడొస్తోంది, లేదా రోజులైనా జిగురుగానే ఉంది

ఊడొస్తుంటే అది జిడ్డు. అచ్చులోంచి బొమ్మ తేలిగ్గా రావడానికి పూసే పదార్థం, ముఖ్యంగా రెసిన్ మీద, మిగిలిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన గోరువెచ్చని నీళ్ళతో తోమి, ఒక రోజంతా ఆరనిచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. జిగురుగా ఉండిపోతే బొమ్మ వంగే మెత్తటి పీవీసీతో చేసిందై ఉంటుంది. కొన్ని స్ప్రేలకు దానితో పడదు. అలాంటి వాటికి బ్రష్ ప్రైమరే.

ముఖం మీద కళ్ళు, ముక్కు పూడుకుపోయాయి, బ్రష్ గీతలు కనిపిస్తున్నాయి

సీసాలోంచి తీసిన రంగును అలాగే పూశారు. రంగు పెరుగులా కాదు, చిక్కటి పాలలా ఉండాలి. బొటనవేలి గోరు మీద ఒక గీత గీసి చూడండి: గీత నిలవాలి, బ్రష్ చారలు మాత్రం పడకూడదు. ఒక పలచని పూత, పూర్తిగా ఆరాక ఇంకొకటి. మొదటి పూత మచ్చలు మచ్చలుగా ఉంటుంది, కంగారు పడకండి.

నీళ్ళు కలిపాక రంగు సందుల్లోకి జారిపోతోందని చాలామంది మళ్ళీ చిక్కటి రంగుకే వెళ్ళిపోతారు. అక్కడ తప్పు రంగుది కాదు, బ్రష్‌లో ఉన్న మోతాదుది. ముంచాక పాత బట్ట మీద ఒకసారి అద్దండి. ఈ ఒక్క అలవాటు నాకు పట్టుబడటానికి ఏడాది పట్టింది.

ఇంకో దొంగ ఉన్నాడు: సీలింగ్ ఫ్యాన్. మీరు పాలలా కలిపిన రంగు పావుగంటలో మళ్ళీ పెరుగవుతుంది, బ్రష్ కొన మీద కూడా ఆరిపోతుంది. మే నెలలో ఫ్యాన్ ఆపమంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు కాబట్టి వెట్ ప్యాలెట్ చేసుకోండి: మూతున్న ప్లాస్టిక్ డబ్బా, తడిపిన టిష్యూల మడత, దాని మీద బేకింగ్ పేపర్. మైనం పూసిన కాగితం పనికిరాదు, తడి పైకి రాదు. నీళ్ళు తరచూ మార్చకపోతే వాసనొస్తుంది.

రెండో పూత వేస్తుంటే మొదటిది చిరిగి లేచిపోతోంది

సగం ఆరిన రంగును కెలికారు. వదిలేయండి. పూర్తిగా ఆరాక చూస్తే అది అంత ఘోరంగా ఉండదు.

పసుపు ఎన్ని పూతలేసినా నిండటం లేదు

పసుపు, కొన్ని ఎరుపులు స్వభావంగానే పలచని రంగులు, కింద ఉన్నది కనిపిస్తుంది. నల్ల ప్రైమర్ మీద పసుపుతో కుస్తీ పట్టొద్దు. ముందు లేత గోధుమరంగో, గులాబీ రంగో వేసి దాని మీద పసుపు వేయండి. ఎరుపు కింద ముదురు గోధుమరంగు బాగుంటుంది.

వాష్ వేశాక టీ మరకల్లాంటి వలయాలు

వాష్ అంటే సందుల్లో నీడలు తేవడానికి వేసే నీళ్ళలాంటి రంగు. అది చదునైన చోట మడుగు కట్టి, అంచుల్లో ముందు ఆరింది. తడిగా ఉండగానే కడిగి అద్దిన బ్రష్‌తో మడుగును పీల్చేయాలి. ఆరిపోయాక తుడవబోకండి, మూల రంగుతో పైన సరిదిద్దండి.

బ్రష్ కొన చీలిపోయింది

రంగు లోహపు గొట్టంలోకి పాకింది. బ్రష్ వెంట్రుకల్లో కొన వైపు సగం మాత్రమే ముంచండి, పని కాగానే సబ్బుతో కడిగి కొన సరిచేసి పడుకోబెట్టండి. గ్లాసులో నిలబెట్టి భోజనానికి వెళ్ళొద్దు.

బేస్ (బొమ్మ నిలబడే పీఠం) మీద ఇసుక రాలుతోంది, బేస్ వంగిపోయింది

ఫెవికాల్ చిక్కగానే రాసి ఇసుక అద్ది, రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెల లిక్విడ్ వేసి పైన చుక్కలుగా వదలండి. ఆ చుక్క లేకపోతే నీళ్ళు ఇసుక మీద ముత్యాల్లా నిలబడతాయి, లోపలికి ఇంకవు. బీచ్ ఇసుకైతే ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడగండి. జల్లించడం మరవొద్దు: ఈ కొలతలో 3 ఎం.ఎం. రాయి అంటే నిజానికి కొబ్బరికాయంత బండ.

ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును నొక్కి చేసిన పలక) బేస్ ఒకవైపే తడిస్తే వంగుతుంది. రెండోవైపూ కొంచెం తడిపి బరువు కింద పెట్టండి, ఈసారి రెండు వైపులా ప్రైమర్ వేయండి.

బేస్ మీద గుట్టల కోసం థర్మోకోల్ అంటించారా? స్ప్రే తగిలితే నిప్పు తగిలినట్టు కరిగిపోతుంది. ముందు ఫెవికాల్, అక్రిలిక్ రంగు కలిపి సందు లేకుండా పూసి ఆరబెట్టండి.

చివర్లో మ్యాట్ వార్నిష్ కొడితే నల్ల అంగీ మీద తెల్లటి పొగ

ఇదే గుండె ఆగే ఘట్టం. మళ్ళీ అదే తేమ, లేదా మందపు పూత, లేదా ఊపని డబ్బా. బొమ్మను ఆల్కహాల్‌లో వేసేయకండి. మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్‌ను బ్రష్‌తో ఒక పలచని పూత వేస్తే ఆ తెలుపు చాలాసార్లు మాయమవుతుంది. ఆరాక మెరుపు తగ్గడానికి మ్యాట్ వార్నిష్ రాయండి, ఈసారీ బ్రష్‌తోనే. ముందు అంగీ వెనకవైపు గోరంత మేర ప్రయత్నించండి.