పాంపేయి చూడాలనుకుంటే ముందు హెర్క్యులేనియం చూడండి

ఇటలీ టూర్ ప్లాన్ చేసుకునే మనవాళ్లు చాలామంది రోమ్, వెనిస్ అన్నీ అయ్యాక పాంపేయికి ఒక పూట మిగుల్చుకుంటారు. ఒక పూట అస్సలు సరిపోదు. వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు పూడిపోయిన రోమన్ ఊరు అది, దాదాపు 66 హెక్టార్లు, అందులో ఇప్పటికి మూడింట రెండు వంతులే తవ్వారు, ఆ తవ్విన మేరకే నడవాలన్నా కాళ్లు లాగేస్తాయి. కనీసం రెండున్నర రోజులు పెట్టుకుని నేపుల్స్‌లో బస చేయండి.

మొదటి రోజు హెర్క్యులేనియం, అదే పేలుడులో పూడిపోయిన ఇంకో ఊరు. నేపుల్స్‌లోని గారిబాల్డి స్టేషన్‌లో సొరెంటో వైపు వెళ్లే లోకల్ రైలెక్కి ఎర్కొలానో స్కావిలో దిగండి, అక్కడి నుంచి సముద్రం వైపు నేరుగా దిగువకు నడిస్తే చాలు. అందరూ ముందు పాంపేయికే పరిగెడతారు. నేనూ మొదటిసారి అదే చేశాను, ఎటు చూసినా కప్పుల్లేని మొండి గోడలే, మధ్యాహ్నమయ్యేసరికి ఏ ఇల్లు చూశానో ఏది చూడలేదో కూడా తెలియలేదు. హెర్క్యులేనియం చూసి ఉంటే ఆ గోడల మీద కప్పు ఎలా ఉండేదో ఊహకి అందేది.

కారణం ఆ రెండు ఊళ్లూ పోయిన తీరులోనే ఉంది. క్రీస్తుశకం 79లో వెసూవియస్ పేలినప్పుడు గాలి పాంపేయి వైపు వీచింది, తేలికపాటి నురగరాళ్లు గంటల తరబడి కురిసి పేరుకుని, ఆ బరువుకి ఇళ్ల కప్పులు కూలిపోయాయి. హెర్క్యులేనియం మీద ఆ రాళ్ల వాన పెద్దగా పడలేదు. అర్ధరాత్రి దాటాక మాత్రం కొండ మీద నుంచి మండే బూడిద, వాయువులు కలిసి వరదలా దూకాయి, ఆ తర్వాత అలాంటివే ఇంకొన్ని వచ్చి ఊరిని దాదాపు 20 మీటర్ల లోతున పూడ్చేశాయి. ఆ వేడికి చెక్క కాలిపోకుండా బొగ్గులా మారి నిలిచిపోయింది. అందుకే అక్కడ మేడ గదులు, దూలాలు మిగిలాయి, ఒక ఇంట్లో హాలుకి అడ్డంగా పెట్టుకున్న చెక్క తలుపులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మండువా లోగిలి చూసినవాళ్లకి రోమన్ ఇల్లు ఎవరూ వివరించక్కర్లేదు, నడిమధ్య కప్పు తెరిచి ఉంటుంది, వాన నీళ్లు కింద తొట్టిలోకి దిగుతాయి, చుట్టూ గదులు. వెళ్లే ముందు ఒకప్పటి సముద్రపు ఒడ్డున ఉన్న కమాను గదుల దగ్గర ఆగండి. ఆ రాత్రి పడవల కోసం ఎదురుచూస్తూ చనిపోయిన సుమారు 300 మంది అస్థిపంజరాలు 1980 నుంచి అక్కడ బయటపడ్డాయి.

రెండో రోజు పాంపేయి. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, రోజుకి 20,000 మందినే రానిస్తున్నారు, టికెట్ మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి. లోపల నీడ చాలా తక్కువ. టోపీ, నీళ్ల బాటిల్ తప్పనిసరి, బాటిల్ నింపుకోవడానికి కుళాయిలు ఉన్నాయి. బండరాళ్ల రోడ్లు కాబట్టి గట్టి బూట్లు వేసుకోండి.

లోపలికి వెళ్లాక మొత్తం చూసెయ్యాలనే ఆత్రం వదిలేయండి. ఒక వీధి పట్టుకుని కింద చూస్తూ నడవండి. బండి చక్రాలు రాతిలో దింపిన గాడి కనిపిస్తుంది, వేలు పెట్టి చూస్తే దాని లోతు తెలుస్తుంది. జనం మురికినీళ్లు తొక్కకుండా రోడ్డు దాటడానికి ఎత్తుగా పరిచిన రాళ్లుంటాయి, వాటి మధ్య సందుల్లోంచి బండ్లు వెళ్లేవి. వీధి మీదికి తెరుచుకున్న గట్టు, గట్టులో పొదిగిన పెద్ద కుండలు కనిపిస్తే అది వాళ్ల కర్రీ పాయింట్ అనుకోండి. ఎన్నికల్లో ఫలానావాడిని గెలిపించమని గోడల మీద ఎర్ర రంగుతో రాసిన రాతలు వేలల్లో దొరికాయి, అవి చూస్తే మన ఊరి గోడలు గుర్తొస్తాయి. రొట్టెల బట్టీలో మనిషంత ఎత్తు తిరగళ్లు ఉంటాయి, వాటిని గాడిదల చేత తిప్పించేవారు. అలాంటి ఒక బట్టీ పొయ్యి తెరిస్తే కాల్చడానికి పెట్టిన 81 రొట్టెలు అలాగే ఉన్నాయి. ఆ పొద్దున పిండి కలిపినవాళ్లకి ఆ రోజు కూడా మామూలు రోజే. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా మనల్ని అక్కడికి లాగేది అగ్నిపర్వతం కాదు, సగంలో ఆగిపోయిన ఆ పని అని నేను నమ్ముతాను.

పాంపేయిలోనే పలాయితుల తోట, అంటే పారిపోతున్నవాళ్ల తోట, అనే చోట ఆ పేలుడులో చనిపోయిన 13 మంది శరీరాల అచ్చులు ఉన్నాయి. శరీరాలు శిథిలమయ్యాక బూడిదలో మిగిలిన ఖాళీల్లోకి ప్లాస్టర్ పోసే పద్ధతిని 1863లో అప్పటి తవ్వకాల అధిపతి జుసెప్పె ఫియొరెల్లి మొదలుపెట్టాడు. దయచేసి అక్కడ సెల్ఫీలు వద్దు, అవి బొమ్మలు కావు, లోపల ఎముకలున్నాయి. గైడ్లు వాటి గురించి చెప్పే కథలు కూడా వెంటనే నమ్మేయకండి. ఒడిలో బిడ్డతో ఉన్న తల్లి అని ఎన్నో ఏళ్లుగా చెప్పుకున్న మనిషి నిజానికి మగవాడనీ, ఆ బిడ్డకి రక్తసంబంధం లేదనీ 2024లో డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది.

చివరి పూట నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి ఉంచుకోండి, మంగళవారం సెలవు. గోడ చిత్రాలు, మొజాయిక్‌లు, పాత్రలు చాలావరకు ఇక్కడికే తెచ్చారు, ఊళ్లు చూశాక వస్తే ఏది ఏ ఇంటిదో తెలుస్తుంది. హెర్క్యులేనియంలో దొరికిన రొట్టె ఒకటి వెతకండి, నల్లగా, ఎనిమిది ముక్కలుగా గాట్లు పెట్టి ఉంటుంది, దాని మీద క్వింటస్ గ్రానియస్ వేరస్ అనే యజమానికి చెందిన సెలెర్ అనే బానిస పేరు ముద్ర వేసి ఉంది.

ఇంకొకటి మనవాళ్లు తప్పకుండా చూడాలి. 1938లో పాంపేయిలో ఒక దంతపు స్త్రీమూర్తి దొరికింది, జానెడు కంటే కాస్త పొడవు, ఒంటి నిండా నగలు, పక్కన ఇద్దరు చెలికత్తెలు. లక్ష్మి అని పేరు పెట్టారు, యక్షిణి అనేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. దాన్ని పోలిన బొమ్మ మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికింది, అది శాతవాహనులు ఏలిన సీమ. రోమన్ నాణేలు మన నల్గొండ జిల్లాలో కూడా బయటపడ్డాయి. అక్కడి నాణేలు ఇటు, ఇక్కడి దంతం అటు ఓడలెక్కి వెళ్లిన కాలం అది. ఆ బొమ్మని ప్రదర్శనల కోసం అప్పుడప్పుడు బయటికి పంపుతుంటారు, కాబట్టి లోపలికి వెళ్లగానే కౌంటర్‌లో అడగండి.