మొదటి రేడియో ఉద్యోగం – 4వ పాఠం: ఉత్తరం, దానికంటే ముందు డెమో

ఈ పాఠంలో దరఖాస్తు ఉత్తరం రాయడం నేర్చుకోవాలి. నేర్చుకుందాం. కానీ పోయిన పాఠం తర్వాత మీరు పంపిన డెమోలు, అంటే నమూనాగా మీ గొంతు రికార్డ్ చేసిన ఫైళ్లు విన్నాక, వాటిని అలాగే స్టేషన్లకు పంపనివ్వడానికి నాకు మనసొప్పలేదు. ఉత్తరం ఎంత బాగున్నా ఉద్యోగం ఇచ్చేవాళ్లు చివరికి వినేది డెమోనే. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

దాదాపు అన్నీ ఒకేలా మొదలయ్యాయి. "హాయ్, నమస్తే, నా పేరు ఫలానా. నేను డిగ్రీ పూర్తి చేశాను. చిన్నప్పటి నుంచి నాకు రేడియో అంటే ప్రాణం. ఇది నా డెమో." ఇరవై సెకన్లు ఇందుకే పోయాయి. మీ పేరు మెయిల్‌లో ఉంది, చదువు రెజ్యూమెలో ఉంది. స్టేషన్‌లో ఏ కార్యక్రమం ఎలా ఉండాలో చూసుకునే ప్రోగ్రామింగ్ హెడ్ దగ్గరికి ఇలాంటి ఫైళ్లు చాలా వస్తాయి. మొదటి కొన్ని సెకన్లు విని, పట్టుకుంటే ముందుకు వింటారు, లేకపోతే తర్వాతిది తెరుస్తారు. ఆ కొద్ది సమయంలో వాళ్లకు కావలసింది మీ పరిచయం కాదు. రెండు పాటల మధ్య మిమ్మల్ని కూర్చోబెడితే ఏం మాట్లాడతారో అది కావాలి.

రెండు పాటల మధ్య మాట్లాడే ఆ కాసిని మాటల్నే రేడియోలో లింక్ అంటారు. ఒకరి డెమోలో నిజంగా మంచి లింక్ ఉంది. కాకపోతే అది నిమిషం దాటాక వచ్చింది. ఆమె ఒప్పుకున్నారు కాబట్టి ఇక్కడ ఇస్తున్నాను:

"నిన్న మా లిఫ్ట్ మధ్యలో ఆగిపోయింది. లోపల నేనూ, పై అంతస్తు ఆయనా. నాలుగేళ్లుగా రోజూ ఒకే లిఫ్ట్‌లో దిగుతున్నాం. ఆయన పేరేంటో నిన్ననే తెలిసింది. మీ పై అంతస్తులో ఉండేవాళ్ల పేరు మీకు తెలుసా?"

ఇది చదవడానికి పదిహేను సెకన్లు చాలు. జరిగిన విషయంతోనే మొదలైంది, ఒక్క సంగతే చెప్పింది, వింటున్న ఒక్క మనిషిని "మీకు తెలుసా" అని అడిగింది. దీని వెనకే పాట వేయొచ్చు. కానీ ఆమె అక్కడ ఆగలేదు. "నిజంగా ఫ్రెండ్స్, ఈ బిజీ లైఫ్‌లో మనం మనుషుల్నే మర్చిపోతున్నాం కదా" అంటూ ఇంకో అర నిమిషం సాగదీశారు. లిఫ్ట్ సంగతి చెప్పేసిన మాటనే మళ్లీ చెప్పడం అది. ప్రశ్న దగ్గర కట్ చేసి, ఆ లింక్‌ని డెమోలో మొట్టమొదట పెట్టమన్నాను. మీరూ మీ డెమో వినండి. అందులో అన్నిటికంటే బాగున్న లింక్ ఎక్కడుందో వెతికి, దాన్ని మొదటికి తెండి. దాని ముందున్నదంతా తీసేయండి.

వెనక మ్యూజిక్ వేయొద్దు. ఎకో అసలే వద్దు. దాదాపు ప్రతి స్టేషన్‌లోనూ గొంతును సరిదిద్దే ప్రాసెసింగ్ వాళ్లకు ఉంటుంది. దాని గుండా పంపితే మీ గొంతు ఎలా ఉంటుందో వాళ్లు ఊహించుకోగలరు. మీరే ముందుగా పూత పూసి పంపితే ఊహించుకోలేరు. కొందరు గొంతును కావాలని బరువుగా చేసి మాట్లాడారు. రోజూ నాలుగు గంటల షోలో అలా మాట్లాడలేరు, వినేవాళ్లకూ అది ఇట్టే తెలిసిపోతుంది.

న్యూస్ డెస్క్‌కి అప్లై చేసేవాళ్లకు ఈ లింకులు అక్కర్లేదు. ఒక నిమిషం బులెటిన్ మీరే రాసి చదవండి. ఇంగ్లిష్ రేడియోలో సెకనుకు మూడు మాటల లెక్కన స్క్రిప్ట్ కొలుస్తారు. మన మాటలు పొడుగు కాబట్టి ఆ లెక్క పనికిరాదు. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివి చూసుకోవడమే దారి.

ఇప్పుడు నన్ను బాగా విసిగించిన విషయం. మీలో చాలామంది డెమోని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపారు. తెరిస్తే "మీకు యాక్సెస్ లేదు, అనుమతి కోసం అడగండి" అని వచ్చింది. నేను పాఠం చెప్పేవాణ్ని కాబట్టి అనుమతి అడిగి, మీరు ఇచ్చేదాకా ఆగి విన్నాను. స్టేషన్‌లో ఎవరూ అడగరు. అడగకపోవడం వాళ్ల పొగరు కాదు. వాళ్లు ఏ రెండు మీటింగుల మధ్యో మెయిల్ చూస్తుంటారు, తెరుచుకోని ఫైల్‌ని వదిలేసి ముందుకు పోతారు. మీరేమో నెల రోజులు జవాబు కోసం ఎదురుచూసి, నా గొంతు బాగోలేదేమో అనుకుంటారు. మీ గొంతు ఎవరూ వినను కూడా లేదు.

డ్రైవ్‌లో పెట్టిన ఫైల్ మామూలుగా మీ ఒక్కరికే కనిపించేలా ఉంటుంది. షేర్ నొక్కి, కింద "రిస్ట్రిక్టెడ్" అని ఉన్నచోట "ఎనీవన్ విత్ ద లింక్" అని మార్చాలి. మార్చాక పరీక్షించాలి. మీ ఫోన్‌లోనే మళ్లీ తెరిచి "వస్తోందిగా" అనుకుంటే చాలదు, అది మీ అకౌంట్ కాబట్టి ఎప్పుడైనా వస్తుంది. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, ఏ అకౌంట్‌లోనూ లాగిన్ కాకుండా ఆ లింక్ అక్కడ అతికించండి. ప్లే అయితేనే పంపండి. పాత ఫైల్ తీసేసి కొత్తది విడిగా అప్‌లోడ్ చేస్తే లింక్ కూడా మారుతుంది, మళ్లీ ఇదంతా చేయండి. కొన్ని ఫైల్ షేరింగ్ సైట్లలో లింక్ కొద్ది రోజులకే పనిచేయడం మానేస్తుంది, వాటి జోలికి పోవద్దు.

నా మాట వింటే అసలు లింకే వద్దు, ఫైల్‌నే మెయిల్‌కి జత చేయండి. కుదించని వేవ్ ఫైల్ నిమిషానికి సుమారు 10 ఎంబీ తింటుంది. అదే 128 కేబీపీఎస్ నాణ్యతకు కుదించిన ఎంపీ3 అయితే నిమిషానికి సుమారు 1 ఎంబీ. రెండు నిమిషాల డెమో ఏ మెయిల్‌లోనైనా ఇమిడిపోతుంది. ఫైల్ పేరులో మీ పేరు, మీరు అడుగుతున్న ఉద్యోగం ఉండాలి. "డెమో ఫైనల్ న్యూ 2" అని పంపితే అది డౌన్‌లోడ్స్‌లో ఎక్కడ పడిందో వాళ్లకు కూడా దొరకదు.

ఇక ఉత్తరం. అది మెయిల్ బాడీలోనే ఉండాలి, ఐదారు వాక్యాలు దాటొద్దు. ప్రోగ్రామింగ్ హెడ్ పేరు తెలుసుకుని ఆ పేరుకే రాయండి.

అందరూ చేసే పని మొదటి వాక్యంలోనే "నాకు అనుభవం లేదు, కానీ అవకాశం ఇస్తే నిరూపించుకుంటాను" అనడం. అనుభవం లేదని రెజ్యూమె చూస్తేనే తెలుస్తుంది. ఆ చోటులో మీరు చేసినవి చెప్పండి. కాలేజీ ఫంక్షన్‌లో మైక్ పట్టుకున్నారా? పాడ్‌కాస్ట్ చేశారా? కమ్యూనిటీ రేడియోలోనో, క్యాంపస్ రేడియోలోనో వారానికి ఒక గంట వాలంటీర్‌గా ఉన్నారా? బ్రిటన్‌లో రోగుల కోసం వాలంటీర్లు నడిపే హాస్పిటల్ రేడియోలు ఉన్నాయి, అక్కడ మైక్ ముందు కూర్చోవడం నేర్చుకుని పెద్ద స్టేషన్లకు వెళ్లినవాళ్లు చాలామంది. జీతం రాని పనీ పనే. అయితే చేయనిది చేశానని రాయొద్దు. స్టూడియోలో కూర్చోబెట్టిన ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

ఇంకో మాట. అందరూ ఆర్‌జే ఉద్యోగమే అడుగుతున్నారు. ఇప్పుడు చాలా స్టేషన్లలో రాత్రి గంటలు ఆటోమేషన్ మీదే, అంటే కంప్యూటర్ తనంతట తానే నడిపిస్తే నడుస్తాయి, ఒకరే ముందుగా రికార్డ్ చేసిన మాటలు పాటల మధ్య పడుతుంటాయి. లైవ్‌లో మాట్లాడే సీట్లు తక్కువ. స్టేషన్‌లో ప్రొడ్యూసర్‌కి సాయం చేసేవాళ్లు కావాలి, కన్సోల్ (మైకులు, పాటల శబ్దాన్ని కలిపే యంత్రం) నడిపేవాళ్లు కావాలి, యాడ్‌లకు స్క్రిప్ట్ రాసేవాళ్లు, ఏ యాడ్ ఎప్పుడు పడాలో షెడ్యూల్ చేసేవాళ్లు కావాలి. నన్నడిగితే ప్రొడ్యూసర్ అసిస్టెంట్ పని అన్నిటికంటే మంచిది. షో ఎలా తయారవుతుందో లోపలి నుంచి చూస్తారు. ఆర్‌జే ఒక రోజు రాకపోతే అందరికీ ముందు గుర్తొచ్చేదీ మీరే.

నమూనా ఒకటి:

"నమస్తే (ప్రోగ్రామింగ్ హెడ్ పేరు) గారూ. మీ స్టేషన్‌లో ప్రొడ్యూసర్ అసిస్టెంట్ పనికి దరఖాస్తు చేస్తున్నాను. మీ సాయంత్రం షో మూడు రోజులు వరసగా విన్నాను. ఆరున్నర తర్వాత శ్రోతల కాల్స్ తీసుకుంటున్నారు, ఆ కాల్స్ ఎడిట్ చేసే పని నాకు వచ్చు. కాలేజీలో ఏడాది పాటు ఇంటర్వ్యూ పాడ్‌కాస్ట్ రికార్డ్ చేసి, ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో నేనే ఎడిట్ చేశాను. రెండు నిమిషాల డెమో జత చేశాను. రాత్రి షిఫ్ట్‌లకూ, వారాంతాలకూ సిద్ధమే."

నమస్తే వదిలేసి లెక్కపెడితే వచ్చే మూడో వాక్యం, కాల్స్ గురించి చెప్పినది, చూడండి. ఆ స్టేషన్ విననివాళ్లు అది రాయలేరు. పది స్టేషన్లకు ఒకే ఉత్తరం పంపే మనిషి కాదని అక్కడే తెలిసిపోతుంది. షోలో లోపాలు మాత్రం ఎత్తి చూపొద్దు, ఎవరూ అడగలేదు.

జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. ఆ తర్వాత ఊరికే "నా మెయిల్ చూశారా" అని అడగొద్దు. నెల తర్వాత కొత్త డెమో చేసి, దానితో మళ్లీ రాయండి.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఉంటుంది. మీరు చేరాలనుకునే స్టేషన్ ఒకటి ఎంచుకోండి. ఒకే గంటను మూడు రోజులు వరసగా వినండి, మధ్యలో లేవకుండా. ఏ నిమిషంలో పాట, ఏ నిమిషంలో యాడ్, ఆర్‌జే ఎన్ని సెకన్లు మాట్లాడారు, స్టేషన్ పేరు ఎన్నిసార్లు వచ్చింది, అన్నీ రాయండి. తర్వాత రోజుకో వృత్తం గీసి, ఆ గంటను గడియారంలా ముక్కలు చేసి అందులో నింపండి. దీన్నే అవర్ క్లాక్ అంటారు, స్టేషన్లు తమ గంటను ఇలాగే ముందుగా గీసుకుంటాయి. మూడు రోజుల వృత్తాలూ పక్కపక్కన పెడితే ఏది కదలదో, ఏది మారుతుందో కనిపిస్తుంది. మీ ఉత్తరంలోని మూడో వాక్యం అందులోంచి రావాలి. ఆ మూడు వృత్తాలు, ఉత్తరం, సరిచేసిన డెమో కలిపి పంపండి. వృత్తాలు లేకుండా ఉత్తరం ఒక్కటే పంపితే ఈసారి నేను చదవను.