పింగ్ వెళ్తోంది, ఫైల్ మాత్రం కదలట్లేదు: నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో సమస్యలు, పరిష్కారాలు

కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్ చూసుకోవడం నా పని. ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ వస్తుంది, మొదటి నెలలో అవే సమస్యలు వస్తాయి. రెండు సిస్టమ్‌లు, ఒక స్విచ్, చేత్తో క్రింప్ చేసిన రెండు కేబుళ్లు. ఇంత చిన్న సెటప్ దగ్గర కూడా మధ్యాహ్నమంతా గడిచిపోతుంది. పిల్లలు కూర్చోగానే కమాండ్ ప్రాంప్ట్ తెరుస్తారు, ఐపీ అడ్రస్‌లు మార్చేస్తారు, ఫైర్‌వాల్ ఆపేస్తారు. వెనక్కి వంగి స్విచ్ మీద ఆ పోర్టు లైటు వెలుగుతోందా అని మాత్రం చూడరు. దయచేసి ముందు అది చూడండి. ఆ తర్వాతే కీబోర్డు.

ఐపీ ఇవ్వడం, పింగ్ కొట్టడం, క్రింపింగ్ టూల్ వాడటం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నాను.

లింక్ లైటే రావట్లేదు

కేబుల్ రెండు చివరలూ తీసి, టిక్ మని వినపడేదాకా నొక్కి మళ్లీ పెట్టండి. లాక్ నాలుక విరిగిన జాక్ చూడటానికి కుదురుగానే ఉంటుంది, లోపల మాత్రం కాస్త వెనక్కి జారి ఉంటుంది. అప్పటికీ లైటు రాకపోతే, పక్క సిస్టమ్‌లో బాగా పనిచేస్తున్న కేబుల్‌ను తెచ్చి పెట్టండి. లైటు వచ్చిందంటే తప్పు మీ కేబుల్‌ది. రాలేదంటే స్విచ్‌లో వేరే పోర్టు మార్చి చూడండి. ఈ రెండు మార్పిడులకు రెండు నిమిషాలు కూడా పట్టవు.

మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) అయితే కేబుల్ పెట్టగానే ఆరెంజ్ లైటు వచ్చి దాదాపు 30 సెకన్లు అలాగే ఉంటుంది. స్పానింగ్ ట్రీ, అంటే కేబుళ్లు చుట్టుగా కలిసిపోకుండా చూసే ఏర్పాటు, ఆ పోర్టును 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే వదులుతుంది. ఈ అర నిమిషం ఆగలేక కేబుల్ పీకి మళ్లీ పెడితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. నెట్‌వర్క్‌ను తెర మీదే కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇంతే.

ఐపీ అడ్రస్ 169.254తో మొదలైంది

అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదు కాబట్టి సిస్టమ్ తనకు తానే పెట్టుకున్న అడ్రస్ అది. ల్యాబ్‌లో డీహెచ్‌సీపీ లేకపోతే చేత్తో ఇవ్వండి. ఉంటే, సిస్టమ్‌కూ సర్వర్‌కూ మధ్య దారి తెగింది. లింక్ లైటు, తర్వాత వీల్యాన్ (స్విచ్ పోర్టులను గుంపులుగా విడదీసే సెట్టింగ్), ఆ వరుసలో చూడండి. ఇక అడ్రస్ వచ్చింది కానీ ల్యాబ్‌లో మిగతావాళ్ల సిరీస్ కాదంటే, ఎవరో చిన్న వైఫై రౌటర్ తెచ్చి దాని ల్యాన్ పోర్టును మన స్విచ్‌లో పెట్టారు. అది కూడా అడ్రస్‌లు పంచుతోంది. దాన్ని వెతికి తీసేయండి.

పింగ్‌కు జవాబు లేదు

తెర మీద ఏం వచ్చిందో పూర్తిగా చదవండి. "పింగ్ రావట్లేదు సార్" అని పరిగెత్తుకొస్తారు, ఏ సందేశం వచ్చిందమ్మా అంటే చెప్పలేరు. సగం జవాబు అందులోనే ఉంటుంది.

డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని మీ సొంత అడ్రస్ నుంచే వస్తే, ఏఆర్‌పీకి జవాబు రాలేదని అర్థం. "ఈ అడ్రస్ ఎవరిది?" అని మీ సిస్టమ్ కేకేసింది, ఎవరూ పలకలేదు. అవతలి సిస్టమ్ ఐపీ, సబ్‌నెట్ మాస్క్, కేబుల్ చూడండి.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వస్తే, వెంటనే ఏఆర్‌పీ హైఫన్ ఏ కొట్టండి. అవతలి ఐపీ పక్కన మ్యాక్ అడ్రస్ (ల్యాన్ కార్డు సొంత నంబరు) కనిపిస్తే కేబుల్ బాగుంది, అడ్రస్‌లు బాగున్నాయి, అవతలి విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపుతోంది. పింగ్ అటు నుంచి ఇటు వెళ్లి, ఇటు నుంచి అటు వెళ్లకపోయినా సాధారణంగా కారణం ఇదే. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయకండి. ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ కింద ఎకో రిక్వెస్ట్, ఐసీఎంపీ వీ4 అన్న రూల్ ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేస్తే చాలు.

పింగ్ నాలుగుకు నాలుగూ వస్తుంది, ఫైల్ కాపీ మాత్రం నత్తనడక

ఇక్కడ కాసేపు ఆగుతాను. నా రెండు రోజులు మింగేసిన సమస్య ఇది.

ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి. పక్క గదిలోని ఒక సిస్టమ్‌కు సుమారు 40 మీటర్ల కేబుల్ లాగాం. లింక్ లైటు వచ్చింది. పింగ్ వచ్చింది. కేబుల్ టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరుస తప్పకుండా వెలిగాయి. ఫైల్ కాపీ పెడితే కాసేపు నడిచి, ఆగి, మళ్లీ నడిచేది. ల్యాన్ కార్డు మార్చాను. స్విచ్ మార్చాను. చివరికి సిస్టమ్ ఫార్మాట్ చేశాను. ఏం మారలేదు. టెస్టర్ బాగుందని చెప్పింది కదా అని కేబుల్ మీద మాత్రం ఒక్కసారి కూడా అనుమానపడలేదు.

రెండో రోజు సాయంత్రం ఆఫీసులో ఇంటర్‌కామ్ బాగుచేయడానికి ఒక పెద్దాయన వచ్చారు, టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవారు. నా అవస్థ చూసి జాక్ చేతిలోకి తీసుకున్నారు. రంగులు లెక్కపెట్టి, "ఇదేంటి బాబూ, జతలు విడగొట్టేశారు" అన్నారు.

"రెండు వైపులా ఒకేలా ఉన్నాయండీ" అన్నాను.

"ఉంటే సరిపోదు బాబూ. మా కేబుళ్లలో ఇలా జత విడిపోతేనే ఒకరి ఫోన్లో ఇంకొకరి మాటలు వినపడేవి."

తప్పు ఏంటంటే, కేబుల్ క్రింప్ చేసిన పిల్లవాడు రంగులను కంటికి ఇంపైన వరుసలో పెట్టాడు: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండు చివరలా అదే వరుస. మన దగ్గర అందరూ ఒకరికొకరు చెప్పుకునే మాట ఉంది కదా, రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు అని. ఆ మాటలో సగమే నిజం. ప్రతి తీగా ఇటు నుంచి అటు అదే పిన్నుకు చేరుతుంది, అంతవరకు సరే. ఏ తీగ ఏ తీగతో కలిసి పురి తిరిగిందన్నది ఆ మాట పట్టించుకోదు.

ఈథర్‌నెట్ తీగలను జతలుగా వాడుకుంటుంది. పిన్నుల లెక్కలో 1-2 ఒక జత, 3-6 ఒక జత, 4-5 ఒక జత, 7-8 ఒక జత. జతలో ఒక తీగ మీద సిగ్నల్ పంపితే, రెండో దాని మీద అదే సిగ్నల్‌ను తలకిందులు చేసి పంపుతుంది. అవతల రెండింటి తేడా మాత్రమే చూస్తారు. రెండు తీగలూ పురి తిరిగి ఉంటే బయటి అలజడి రెండింటి మీదా సమానంగా పడుతుంది, తేడా తీసేసరికి కొట్టుకుపోతుంది. టెలిఫోన్ లైన్ల కోసం 1881లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేటెంట్ తీసుకున్న ఉపాయమిది. ఈరోజు మీ చేతిలో ఉన్న క్యాట్ 6 కేబుల్ బతుకుతున్నదీ దాని మీదే.

ఇప్పుడు ఆ ఇంపైన వరుసలో 3, 6 పిన్నుల్లో ఏమున్నాయో చూడండి. 3లో వైట్ గ్రీన్, 6లో బ్లూ. ఇవి వేర్వేరు పురుల్లోని తీగలు. 4-5 కూడా అంతే, గ్రీన్, వైట్ బ్లూ. అంటే నాలుగు జతల్లో రెండు పేరుకే జతలు. అలజడి రెండు తీగల మీదా సమానంగా పడదు, పక్క జత సిగ్నల్ ఇందులోకి కారుతుంది. దీన్నే క్రాస్‌టాక్ అంటాం. సిలబస్‌లో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసే మాట.

టెస్టర్ ఎందుకు పట్టుకోలేదు? ఆ చిన్న టెస్టర్ ఒక్కో తీగలోకి కరెంటు పంపి, అది అవతలికి చేరిందా అని మాత్రమే చూస్తుంది. తెగిన తీగ, తారుమారైన తీగ దానికి దొరుకుతాయి. పురి సంగతి దానికి తెలియదు.

పింగ్ ఎందుకు వెళ్లింది? విండోస్ పింగ్‌లో 32 బైట్ల డేటా, అదీ నాలుగుసార్లు. అంత చిన్న ఫ్రేము (కేబుల్ మీద వెళ్లే డేటా ముక్క) దెబ్బ తినకుండా దాటిపోతుంది. ఫైల్ కాపీలో 1500 బైట్ల ప్యాకెట్లు వేలకొద్దీ వెళ్తాయి. వాటిలో కొన్ని దారిలో చెడతాయి. సీఆర్‌సీ (ఫ్రేము చెడిందా అని చూసే లెక్క) సరిపోని ఫ్రేమును స్విచ్ గానీ ల్యాన్ కార్డు గానీ చప్పుడు చేయకుండా పారేస్తుంది. ప్యాకెట్ రాలేదంటే రద్దీ ఉందనుకుని టీసీపీ (డేటా పూర్తిగా చేరేలా చూసే పద్ధతి) వేగం తగ్గిస్తుంది. మళ్లీ నెమ్మదిగా పెంచుతుంది, మళ్లీ ఒకటి పోతుంది, మళ్లీ తగ్గిస్తుంది. మనకు తెర మీద ఎక్కడా ఎర్రర్ రాదు, నెమ్మది మాత్రమే కనిపిస్తుంది.

ఒకటి రెండు మీటర్ల కేబుల్‌లో ఇదే తప్పు చేసినా తరచూ పని జరిగిపోతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. ల్యాబ్‌లో చిన్న కేబుల్ క్రింప్ చేసి, టెస్టర్‌లో లైట్లు చూపించి, మార్కులు తెచ్చుకుంటారు. ఆ అలవాటునే ఉద్యోగానికి తీసుకెళ్లి, అక్కడ 60 మీటర్ల కేబుల్ లాగుతారు.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు.

మొదట కళ్లు. జాక్‌ను లాక్ నాలుక కిందికి, బంగారు రంగు పళ్లు పైకి, వైరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. ఎడమ నుంచి మొదటిది 1. మూడో తీగ, ఆరో తీగ చూడండి. రెండూ ఒకే రంగు జతవి కావాలి, రంగుల వరుసకు ఉన్న రెండు ప్రమాణాల్లో బీ పద్ధతిలో గ్రీన్, ఏ పద్ధతిలో ఆరెంజ్. మూడు గ్రీన్, ఆరు బ్లూ అని కనిపిస్తే ఇంకేం వెతకొద్దు, దొరికింది. పది సెకన్ల పని ఇది. నా రెండు రోజులు మిగిలేవి.

గోడలోపలికి పోయిన కేబుల్ అయి, చివరలు కనపడకపోతే పెద్ద పింగ్ కొట్టండి. పింగ్, అవతలి అడ్రస్, హైఫన్ ఎల్ 65500 (బైట్ల సైజు), హైఫన్ ఎన్ 100 (ఎన్నిసార్లు). ఈ ఒక్కో పింగ్ 45 ముక్కలుగా విడిపోయి వెళ్తుంది, జవాబు కూడా 45 ముక్కలుగా వస్తుంది. ఆ 90లో ఏ ఒక్కటి పోయినా మొత్తం పింగ్ పోయినట్టే. వంద ఫ్రేములకు ఒకటి చొప్పున పోతున్నా, పదిలో ఆరు పింగ్‌లు విఫలమవుతాయి. మామూలు పింగ్ దాచిపెట్టిన రోగం ఇక్కడ బయటపడుతుంది. ల్యాబ్ లోపల, మంచి కేబుల్ మీద వందకు వందా రావాలి. మేనేజ్డ్ స్విచ్ ఉంటే ఆ పోర్టు సీఆర్‌సీ తప్పుల లెక్క కూడా చూడండి. కాపీ నడుస్తుండగా పెరుగుతూ పోతే అనుమానమే లేదు.

ఇంకో గుర్తు, స్పీడ్. గిగాబిట్ నాలుగు జతలనూ ఒకేసారి వాడుతుంది కాబట్టి ఇలాంటి కేబుల్ మీద లింక్ పడిపోతూ లేస్తూ ఉంటుంది, లేదా 100 ఎంబీపీఎస్‌కు దిగిపోతుంది. 100లో రెండు దిశలకూ వేర్వేరు జతలు. అందుకే ఒకవైపు కాపీ హాయిగా సాగి, రెండోవైపు నత్తనడక నడవడం కూడా చూశాను.

పరిష్కారం రెండు చివరలూ కోసి మళ్లీ క్రింప్ చేయడమే. ఒక్క చివర సరిచేస్తే తీగలు తారుమారై అసలుకే మోసం వస్తుంది. బీ పద్ధతి వరుస ఇది: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. ఈ వంకర వరుసకు కారణం తెలిస్తే మర్చిపోరు. టెలిఫోన్ లైను జాక్ మధ్య పిన్నుల్లో ఉంటుంది, అందుకని నడుమ 4-5 చోటు ఒక జతకు వదిలారు. అక్కడ బ్లూ కూర్చుంది. గ్రీన్ జత దానికి అటొకటి ఇటొకటి సర్దుకుంది. నేను పిల్లలకు చెప్పేది ఇంతే: బ్లూ నడుమ, గ్రీన్ దాని చుట్టూ.

పురి 13 మిల్లీమీటర్లకు మించి విప్పకండి. పై తొడుగు కూడా జాక్ లోపలికి వెళ్లి, నొక్కు దాని మీద పడాలి. చవక కేబుళ్లలో తెల్ల తీగల మీద రంగు గీతలు సరిగ్గా కనపడవు. అలాంటప్పుడు ఏ తెల్లది ఏ రంగుతో పురి తిరిగిందో చూసుకుని, వేళ్లతో పట్టుకుని, అప్పుడు విప్పండి. ముందే నాలుగూ విప్పేస్తే నాలుగు తెల్ల తీగలు మిగులుతాయి, ఏది ఎవరిదో చెప్పలేం. గోడ మీద ఐఓ బాక్స్ (కేబుల్ పెట్టే సాకెట్) ఉంటే దాని లోపలి వరుస వేరుగా ఉంటుంది, మీద అతికించిన రంగుల చీటీ ప్రకారమే నొక్కండి. అయ్యాక టెస్టర్‌తో పాటు 65500 పింగ్ వందసార్లు కొట్టి చూసి, అప్పుడే కేబుల్ కట్టేయండి.

మిగతావి

రంగులు సరిగ్గా ఉండి కూడా కాపీ నెమ్మదిగా ఉంటే డూప్లెక్స్ చూడండి, అంటే ఒకేసారి రెండు వైపులా పంపడమా (ఫుల్), వంతులవారీగానా (హాఫ్) అన్న సెట్టింగ్. ఒకవైపు చేత్తో 100 ఫుల్ అని పెట్టి, రెండోవైపు ఆటోలో వదిలితే ఆటో ఉన్నది హాఫ్‌కు పడిపోతుంది. రెండూ ఆటోలో పెట్టండి.

స్విచ్ లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిగా మిణుకుతూ ల్యాబ్ మొత్తం ఆగిపోతే, ఎవరో ఒకే కేబుల్ రెండు చివరలూ అదే స్విచ్‌లో పెట్టారు. ఒక చివర పీకేయండి.

ఐపీతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ (పేరును ఐపీగా మార్చి చెప్పే సర్వర్) అడ్రస్ తప్పు. ఎలుక కొరికిన కేబుల్ టెస్టర్‌లోనే తెలిసిపోతుంది. ల్యాన్ కార్డు పోవడం, డ్రైవర్ చెడటం మా ల్యాబ్‌లో ఏడాదికి ఒకటి రెండుసార్లు జరిగితే ఎక్కువ. పైన చెప్పినవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.