ర్యామ్ వోల్టేజీని భద్రంగా అమర్చుకోవడం: నాలుగో పాఠం

ర్యామ్ వేగాన్ని, టైమింగ్‌లను బయోస్‌లో (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే, అమరికలు ఉండే ప్రోగ్రాంలో) ఎక్కడ చూడాలో గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి వోల్టేజీ. వేగం ఎక్కువ పెడితే యంత్రం ఆన్ కాకపోవచ్చు గానీ, పాత అంకెలకు వస్తే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. వోల్టేజీ మితిమీరితే మాత్రం ర్యామ్‌తో పాటు ప్రాసెసర్ కూడా శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

ముందుగా మీ ర్యామ్ ఏ తరానిదో తెలుసుకోండి. ప్రామాణిక వోల్టేజీ డీడీఆర్3కి 1.5, అందులోని తక్కువ వోల్టేజీ రకానికి 1.35, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 వోల్టులు. డీడీఆర్3 రోజూ వాడుకునే 1.5 వోల్టులే, జెడెక్ (మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణంలో డీడీఆర్4 చిప్పులకు దాటరాని గరిష్ఠ హద్దు. అందుకే తెలిసినవారి యంత్రంలో ఉన్న అంకెను చూసి మీ బయోస్‌లో పెట్టుకోకండి.

ఇప్పుడు ర్యామ్ స్టిక్ మీది స్టిక్కర్ చూడండి. 3200 లేదా 3600 వేగం గల డీడీఆర్4 స్టిక్కులపై తరచుగా 1.35 వోల్టులని ముద్రించి ఉంటుంది. అది ఎక్స్ఎంపీ ప్రొఫైల్‌ను (తయారీదారు స్టిక్‌లోనే పెట్టి ఉంచిన వేగం, వోల్టేజీల అమరికను) ఆన్ చేసినప్పుడు అందే వోల్టేజీ; తయారీదారు తన చిప్పులను ఆ అంకె దగ్గర పరీక్షించి అమ్ముతున్నాడు కనుక దానిని నమ్మవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి నా సలహా ఆ అంకె దగ్గరే ఆగిపొమ్మని.

చాలామంది గమనించని అపాయం మరొకటి ఉంది. ప్రొఫైల్ ఆన్ చేయగానే, ఆటోలో ఉన్న ఇతర వోల్టేజీలను, ముఖ్యంగా ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్‌కు వెళ్లేదానిని, కొన్ని మదర్‌బోర్డులు తమంతట తామే పెంచేస్తాయి. 2023లో రైజన్ 7000 శ్రేణి ప్రాసెసర్లు కొన్ని కాలిపోయిన తరువాత, మెమరీ కంట్రోలర్‌కు వెళ్లే ఈ వోల్టేజీ (దాని పేరు ఎస్ఓసీ వోల్టేజీ) 1.3 దాటకుండా ఏఎండీ సంస్థ బయోస్ అప్‌డేట్ల ద్వారా కట్టడి చేసింది. మీది ఆ శ్రేణి అయితే ముందు బయోస్ అప్‌డేట్ చేసుకుని, ఆ తరువాతే ప్రొఫైల్ ఆన్ చేయండి.

ఇక మన ఓరుగల్లు వాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవలసినది వేడి. ర్యామ్‌లో ఒక్కొక్క బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది. అది నిరంతరం కారిపోతూ ఉంటుంది కనుక డీడీఆర్4లో 64 మిల్లీసెకన్లకోసారి తిరిగి నింపాలి, చిప్పు 85 డిగ్రీలు దాటితే 32 మిల్లీసెకన్లకే నింపాలి. వోల్టేజీని 1.2 నుంచి 1.35కు పెంచితే, వేగం మారకపోయినా, చిప్పుల స్విచింగ్‌కు ఖర్చయ్యే విద్యుత్తు సుమారు 27 శాతం పెరుగుతుంది, ఎందుకంటే ఆ ఖర్చు వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది. డిసెంబరు చలిలో ఏ తప్పూ చూపని అమరిక, బయట 44 డిగ్రీలు కాసే మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, తప్పులు చేయవచ్చు. ఆ తప్పులు ప్రతిసారీ తెర మీద కనిపించవు. హనుమకొండలో డీటీపీ సెంటర్ నడిపేవారు పెళ్లిపత్రిక ఫైలును సేవ్ చేస్తే, చెడిన బిట్ దానితో పాటే డిస్కులోకి చేరి, మరునాడు ఫైలు తెరుచుకోకపోవచ్చు. పని యంత్రానికి ప్రామాణిక వోల్టేజీయే మేలనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

పరీక్షకు, ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, గది బాగా వేడెక్కిన వేళ, కనీసం నాలుగు పాస్‌లు (మొత్తం పరీక్ష నాలుగు సార్లు) పూర్తయ్యే దాకా నడపండి. ఒక్క తప్పు వచ్చినా ఆ అమరిక పనికిరాదు. అప్పుడు వోల్టేజీ పెంచాలని చూడకుండా, వేగాన్ని ఒక మెట్టు తగ్గించి మళ్లీ పరీక్షించండి. యంత్రం అసలు ఆన్ కాకపోతే ప్లగ్ తీసేసి, మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీని కొద్ది నిమిషాలు తీసి పెట్టండి. చాలా బోర్డుల్లో అమరికలన్నీ మొదటికొస్తాయి.

వచ్చే పాఠానికి ముందు బయోస్‌లో డీర్యామ్ (ర్యామ్ చిప్పుల) వోల్టేజీ వరుసను వెతికి, ఏమీ మార్చకుండా, అక్కడ కనిపించే అంకెను, స్టిక్కర్ మీది అంకెను పక్కపక్కన నోటుబుక్కులో రాసుకోండి. ఆ రెండూ ఒకటి కాకపోతే ఎందుకు కాలేదో అయిదో పాఠంలో చూద్దాం.