జంతర్ మంతర్‌లో పిల్లలతో నీడ కొలిపించండి

జైపూర్‌లోని పాత ఖగోళ పరిశీలనశాల జంతర్ మంతర్‌కు పిల్లలతో వెళ్తే అన్ని యంత్రాలూ చుట్టబెట్టకండి, నాలుగోదానికే విసుగొస్తుంది. 27 మీటర్ల ఎత్తున్న నీడ గడియారం, సమ్రాట్ యంత్రం దగ్గర పావుగంట గడిపితే చాలు. మబ్బు పట్టిన రోజు మాత్రం దండగ.

పొద్దున దాని నడుమనున్న మెట్ల గోడ నీడ పడమటి వైపు గీతలున్న వంపు మీద, మధ్యాహ్నం దాటాక తూర్పు వంపు మీద పడుతుంది. నీడ ఒక గీతను తాకగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కించండి, మరో గీతను తాకగానే ఆపించండి. నీడ నిమిషానికి సుమారు 6 సెంటీమీటర్లు, అంటే కళ్లెదుటే కదులుతుంది. సూర్యుడు చుక్క కాదు, బింబం కాబట్టి నీడ అంచు మసకగా ఉంటుంది. ముదురు నీడ మొదలయ్యే చోటునే రెండుసార్లూ గుర్తు పెట్టుకోమనండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

గడియారంతో తేడా వస్తే యంత్రం పాడైందనుకోవద్దు. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, జైపూర్ దాదాపు 75.8 దగ్గరుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున నీడ సుమారు 27 నిమిషాలు వెనకబడుతుంది. భూకక్ష్య ఆకారం, భూమి అక్షం వంపు వల్ల ఫిబ్రవరి నడుమ ఆ తేడా 41 దాకా పెరుగుతుంది, నవంబర్ మొదట్లో సుమారు 10కి తగ్గుతుంది. పెద్ద పిల్లలైతే ఈ లెక్క వాళ్లచేతే కట్టించండి.