జాక్సన్ హైట్స్‌లో ప్రీవార్ కోఆప్ ఫ్లాటు కొనుగోలు: బోర్డు అనుమతి కోసం దరఖాస్తు విధానం

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ బరోలో జాక్సన్ హైట్స్ అనగానే మనవాళ్లకు 74వ వీధిలోని భారతీయ దుకాణాలు గుర్తుకు వస్తాయి. అక్కడి నుంచి కొద్దిగా నడిస్తే 1920ల నాటి ఇటుక భవనాలు, వాటి వెనుక బ్లాకు పొడవునా బయటికి కనిపించని తోటలు మొదలవుతాయి. ఎడ్వర్డ్ మెక్‌డూగల్ నాయకత్వంలోని క్వీన్స్‌బరో కార్పొరేషన్ 1909 నుంచి ఇక్కడి పొలాలను కొని ఈ పేటను నిర్మించింది. 1917లో 7వ నంబరు రైలు రావడంతో మన్‌హాటన్ ఉద్యోగులకు ఇది అందుబాటులోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇటువంటి ఇళ్లను ఏజెంట్లు ప్రీవార్ అని ప్రకటిస్తారు. ఎత్తైన పైకప్పు, మందమైన గోడలు, భోజనాల బల్ల వేసుకునేంత విశాలమైన ఫోయర్ (ప్రవేశ హాలు), ఆవిరి రేడియేటర్లు వీటి లక్షణాలు. ఇల్లు నచ్చడం, ధర కుదరడం ఒక ఎత్తు. కోఆప్ బోర్డు, అంటే భవనం వాటాదారులు ఎన్నుకునే పాలకమండలి, అనుమతి పొందడం మరో ఎత్తు. ఈ వ్యాసం ఆ రెండో దాని గురించే.

కోఆప్‌లో కొనుగోలుదారు పేరున ఫ్లాటుకు రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు. భవనం మొత్తం ఒక కార్పొరేషన్ సొత్తు. కొనుగోలుదారు ఆ కార్పొరేషన్‌లో వాటాలు కొని, వాటి ఆధారంగా ఆ ఫ్లాటులో నివసించే హక్కును ప్రొప్రయిటరీ లీజు రూపంలో పొందుతారు. ఆస్తి పన్ను, భవనం మీద అప్పు ఉంటే దాని వాయిదా, వేడి, సిబ్బంది జీతాలు అన్నీ కలిసి నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లోనే ఉంటాయి. ఒక వాటాదారు ఈ సొమ్ము ఎగవేస్తే ఆ లోటును మిగతావారు భరించాలి. బోర్డు అన్ని కాగితాలు అడగడానికి అసలు కారణం ఇదే. దీన్ని దృష్టిలో పెట్టుకుని దరఖాస్తు తయారుచేసేవారికి ఏ పత్రం ఎందుకు కావాలో ఎవరూ వివరించనక్కర్లేదు.

దరఖాస్తుకు ముందు జరగవలసినవి

అమ్మకందారు ధరకు ఒప్పుకున్న తరువాత కొనుగోలుదారు తరఫు న్యాయవాది కార్పొరేషన్ ఆడిట్ లెక్కలు, బోర్డు సమావేశాల మినిట్స్ (చర్చల నమోదు), ఆఫరింగ్ ప్లాన్ (భవనాన్ని కోఆప్‌గా అమ్మకానికి పెట్టినప్పటి వివరణ పత్రం), ఇంటి నియమాలు పరిశీలిస్తారు. వందేళ్ల భవనంలో పైకప్పు, బాయిలర్, ఇటుక ముఖభాగం మరమ్మతులకు ప్రత్యేక వసూళ్లు రాబోతున్నాయా అనేది మినిట్స్‌లోనే బయటపడుతుంది కనుక ఈ పనిలో తొందర కూడదు. ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడు సాధారణంగా ధరలో 10 శాతం అమ్మకందారు న్యాయవాది ఎస్క్రో ఖాతాలో, అంటే లావాదేవీ తేలేదాకా సొమ్మును భద్రంగా ఉంచే ఖాతాలో, జమ చేస్తారు. కొనుగోలుదారు నిజాయితీగా దరఖాస్తు చేసినా బోర్డు కాదంటే ఈ సొమ్ము తిరిగి రావాలని ఒప్పందంలో ఉంటుంది. ఉందో లేదో చూసుకోవాలి. దరఖాస్తు దాఖలు చేయవలసిన గడువు కూడా అందులోనే రాసి ఉంటుంది.

ఫ్లాటును అద్దెకు ఇవ్వడానికి అనుమతిస్తారా, కనీస డౌన్ పేమెంట్ ఎంత, తల్లిదండ్రులు ఇచ్చిన సొమ్మును అంగీకరిస్తారా అనే మూడు ప్రశ్నలకు సంతకానికి ముందే సమాధానం రాబట్టాలి. డౌన్ పేమెంట్ చాలాచోట్ల 20 నుంచి 25 శాతం ఉండగా, కొన్ని కోఆప్‌లు అంతకంటే చాలా ఎక్కువ కోరతాయి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి కొన్ని నెలలు ఉండే ఇళ్లవారు, ఎవరెవరు నివసించవచ్చునో చెప్పే లీజు నిబంధనను కూడా చదివి నిర్ధారించుకోవడం మంచిది.

దరఖాస్తు సంపుటి

భవనం మేనేజింగ్ ఏజెంట్ ఇచ్చే నమూనాలోనే దరఖాస్తు తయారుచేయాలి. నింపిన ఫారం, ఒప్పందం ప్రతి, ఆస్తి అప్పుల పట్టిక, రెండేళ్ల పన్ను రిటర్నులు డబ్ల్యూ-2లతో (యజమాని ఇచ్చే వార్షిక జీతం పత్రాలు) సహా, ఇటీవలి జీతం చీటీలు, రెండు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోదా, జీతం, చేరిన తేదీ తెలిపే యజమాని లేఖ, ప్రస్తుత ఇంటి యజమాని లేఖ, వ్యక్తిగత, వృత్తిపరమైన సిఫార్సు లేఖలు, క్రెడిట్ పరిశీలనకు అంగీకారం ప్రధానమైనవి. రుణం తీసుకునేవారు రుణం ఇస్తామని బ్యాంకు రాసిచ్చే కమిట్‌మెంట్ లేఖను, ఫ్లాటు మీద బ్యాంకు హక్కును గుర్తిస్తూ బ్యాంకు, కార్పొరేషన్, కొనుగోలుదారు ముగ్గురూ సంతకం చేసే రికగ్నిషన్ అగ్రిమెంటును జతచేయాలి. స్టేట్‌మెంట్లలో ఖాళీగా ఉన్న చివరి పేజీని కూడా వదలకూడదు. పేజీ తగ్గితే సంపుటి వెనక్కి వస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్లు కనిపించకుండా కొట్టివేయాలి.

బోర్డు ముందుగా చూసేది ఆదాయంలో ఇంటి ఖర్చు వాటా. సంవత్సరానికి 1,80,000 డాలర్ల ఆదాయం ఉన్న కుటుంబానికి నెలకు 15,000 డాలర్లు. రుణ వాయిదా 2,400, మెయింటెనెన్స్ 1,300 అనుకుంటే మొత్తం 3,700; అంటే 25 శాతానికి లోపే. దీనికి 500 డాలర్ల కారు వాయిదా చేరితే అది 28 శాతం అవుతుంది. 25 నుంచి 30 శాతం లోపు ఉండాలని చాలా బోర్డులు ఆశిస్తాయి కనుక, వీలైతే ఆ కారు అప్పు ముందే తీర్చివేయడం తెలివైన పని. రెండోది, కొనుగోలు ముగిసిన తరువాత చేతిలో మిగిలే నగదు. ఒకటి రెండు సంవత్సరాల ఖర్చుకు సరిపడా ఉండాలంటారు. పై లెక్కన రెండేళ్లకు 88,800 డాలర్లు. పదవీ విరమణ ఖాతాలను చాలా బోర్డులు ఇందులో కలపవు. ఊళ్లో పొలం, హైదరాబాద్‌లో ప్లాటు పట్టికలో స్థిరాస్తి వరుసలో రాయవచ్చు గాని నగదు కింద చెల్లవు. పెళ్లినాటి బంగారం సంగతి ఎత్తకపోవడమే మేలు.

తెలుగు కుటుంబాల దరఖాస్తులు చిక్కుపడేది సాధారణంగా డబ్బు తక్కువై కాదు, కాగితాలు ఒకదానితో ఒకటి పొసగక. ఆస్తుల పట్టికలో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (ప్రవాస భారతీయులకు భారతదేశంలో ఉండే బ్యాంకు డిపాజిట్) చూపించి, దాని వడ్డీ పన్ను రిటర్నులో కనిపించకపోతే చదివేవారికి సందేహం కలుగుతుంది. ఆ వడ్డీకి భారతదేశంలో పన్ను మినహాయింపు ఉన్నా, అమెరికా పన్ను నివాసులు దాన్ని ఇక్కడి రిటర్నులో చూపవలసిందే. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి సంవత్సరంలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక కూడా దాఖలు చేయాలి. తల్లిదండ్రులు డబ్బు పంపితే, అది తిరిగి చెల్లించనక్కరలేని కానుక అని వారి సంతకంతో లేఖ, బదిలీ రసీదులు జతచేయాలి. భారతదేశంలో నివసించేవారు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. ఇక్కడ అందుకున్నవారికి ఏడాదిలో అది 1,00,000 డాలర్లు మించితే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు 3520 ఫారం ఇవ్వవలసి ఉంటుంది. పేర్ల విషయమూ అంతే. పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్న ఇంటిపేరు బ్యాంకు ఖాతాలో పొడి అక్షరమై, పన్ను రిటర్నులో చివరికి మారి ఉంటే, అవన్నీ ఒకరివేనని తెలిపే ధ్రువీకరణ లేఖను సంపుటి మొదట్లోనే పెట్టాలి.

సిఫార్సు లేఖలు బంధువులతో రాయించకూడదు. “చాలా మంచివాడు, కష్టపడే మనిషి” అన్న వాక్యం వల్ల ప్రయోజనం లేదు. “మా పై అంతస్తులో నాలుగేళ్లుగా ఉంటున్నారు, ఒక్కసారి కూడా చప్పుడు గురించి ఫిర్యాదు చేయవలసి రాలేదు” అన్న వాక్యానికి విలువ ఉంది.

భవనం పాతది కనుక ఒక పత్రం తప్పనిసరి. 1978కి ముందు కట్టిన ఇళ్లకు సీసం కలిసిన రంగు గురించిన ప్రకటనను ఫెడరల్ చట్టం ప్రకారం అమ్మకందారు ఇవ్వాలి, కొనుగోలుదారు సంతకం చేయాలి. చిన్నపిల్లలున్నవారు దీన్ని చదవకుండా సంతకం చేయరాదు.

ఇంటర్వ్యూ, నిర్ణయం

కాగితాలు సంతృప్తికరంగా ఉంటేనే బోర్డు ఇంటర్వ్యూకు పిలుస్తుంది. సభ్యులు ఆ భవనంలో ఉండే ఇరుగుపొరుగువారే. దరఖాస్తుదారులందరూ హాజరై, అడిగినదానికి క్లుప్తంగా, దరఖాస్తులో రాసినదానికి భిన్నం కాకుండా జవాబివ్వాలి. వంటగది గోడ కూల్చే ఆలోచన ఆనాడు చర్చించవలసినది కాదు. దానికి వేరే అనుమతి ప్రక్రియ ఉంది.

బోర్డులు కారణం చెప్పకుండా తిరస్కరించడం ఈ నగరంలో పాత ఆచారం. సద్బుద్ధితో, తమ అధికార పరిధిలో తీసుకున్న బోర్డు నిర్ణయాలలో కోర్టులు జోక్యం చేసుకోవని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1990లో లెవాండస్కీ కేసులో చెప్పింది. అయితే ఆ అధికారానికి హద్దు ఉంది. తొలినాళ్లలో ఇదే జాక్సన్ హైట్స్‌లో యూదులకు, నల్లజాతీయులకు ఇళ్లు దక్కనివ్వలేదు. అటువంటి వివక్ష నేడు నేరుగా చట్టవిరుద్ధం. జాతి, మతం, పుట్టిన దేశం, పిల్లలు ఉండటం మాత్రమే కాక, పౌరసత్వ స్థితిని బట్టి వివక్ష చూపడాన్ని కూడా నగర మానవ హక్కుల చట్టం నిషేధిస్తుంది. అనుమానానికి ఆధారం ఉన్నవారు నగర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

అనుమతి వచ్చాక

వాటాల బదిలీ ఎక్కువగా మేనేజింగ్ ఏజెంట్ కార్యాలయంలో జరుగుతుంది. పాత షేర్ సర్టిఫికెట్ రద్దయి కొత్తది జారీ అవుతుంది; రుణం ఉంటే ఆ సర్టిఫికెట్‌ను, లీజును బ్యాంకు తన దగ్గర ఉంచుకుంటుంది. కోఆప్ రుణానికి మార్ట్‌గేజ్ రికార్డింగ్ పన్ను (తాకట్టు నమోదు మీద వేసే పన్ను) లేకపోవడం ఒక ఊరట. ధర 10 లక్షల డాలర్లు, ఆపైన ఉంటే మాత్రం ఖరీదైన ఇళ్ల మీద వేసే మాన్షన్ ట్యాక్స్ కనీసం 1 శాతం కొనుగోలుదారే కట్టాలి.

సొంత నివాసంగా ఉండేవారికి నగరం ఆస్తి పన్నులో 17.5 నుంచి 28.1 శాతం వరకు కోఆప్ రాయితీ ఇస్తుంది. దీనికి విడిగా దరఖాస్తు చేసుకోలేరు. భవనం తరఫున బోర్డు లేదా మేనేజింగ్ ఏజెంట్ ఫిబ్రవరి 15లోగా దాఖలు చేస్తారు. కాబట్టి అది తమ ప్రధాన నివాసమని బదిలీ పూర్తయిన వెంటనే ఏజెంటుకు రాతపూర్వకంగా తెలపాలి. స్టార్ (రాష్ట్రం ఇచ్చే పాఠశాల పన్ను) రాయితీకి మాత్రం వాటాదారే రాష్ట్ర పన్నుల శాఖ దగ్గర స్వయంగా నమోదు చేసుకోవాలి. జాక్సన్ హైట్స్‌లో కొంత భాగం 1993 నుంచి చారిత్రక ప్రాంతంగా ప్రకటించబడినందువల్ల, ఆ పరిధిలోని భవనంలో పాత కిటికీలు మార్చదలచినవారు ముందుగా చారిత్రక కట్టడాలను పరిరక్షించే నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి పొందాలి. ఆ దరఖాస్తు మీద యజమానిగా సంతకం చేయవలసింది కార్పొరేషనే గనుక, బోర్డుకు చెప్పకుండా ఆ పని మొదలు పెట్టే వీలు లేదు.